షేకర్ లేదు, జిగ్గర్ లేదు: ఇంట్లో ఉన్న గిన్నెలతో కాక్‌టెయిల్ అవుతుందా?

డాబామీదగది (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. ఏడురోడ్ల జంక్షన్‌కి దగ్గర్లో డాబా మీద గది, చిన్న వంటిల్లు అద్దెకి తీసుకుని ఉంటున్నాను. ఈ శనివారం రాత్రి డిగ్రీలో కలిసి చదివిన నలుగురం కలుస్తున్నాం. ఇద్దరు వైజాగ్ నుంచి, ఒకడు బెంగళూరు నుంచి వస్తున్నారు. బెంగళూరు వాడికి ఈమధ్య మామూలుగా నీళ్లు కలుపుకుని తాగడం నామోషీ అయిపోయింది. కాక్‌టెయిల్ చెయ్యరా అని వరసపెట్టి వీడియోలు పంపుతున్నాడు. వాటిల్లో చూస్తే రెండు స్టీలు గ్లాసులు ఒకదానిలో ఒకటి బిగించి ఊపుతున్నారు (అదే షేకరట), జిగ్గర్ అనే చిన్న కొలత గ్లాసుతో కొలుస్తున్నారు, మెలికలు తిరిగిన పొడుగు చెంచాతో కలుపుతున్నారు, స్ప్రింగు చుట్టిన జల్లెడ అడ్డం పెట్టి వంపుతున్నారు. ఆన్‌లైన్‌లో ఆ సెట్టు చూశాను. సంవత్సరానికి రెండుసార్లు వాడేదానికి అంత పెట్టబుద్ధి కాలేదు. ఆర్డరు పెట్టినా శనివారం లోపు వస్తుందన్న నమ్మకమూ లేదు.

నా దగ్గర ఉన్నవి: ఓల్డ్ మంక్ రమ్ము ఫుల్లు ఒకటి, జిన్ను హాఫ్ ఒకటి, నిమ్మకాయలు, పుదీనా, సోడా, బెల్లం, పంచదార. సామాన్ల సంగతికొస్తే స్టీలు గ్లాసులు, మూత ఉన్న స్టీలు డబ్బాలు, ఆవకాయ ఖాళీ అయిన గాజు సీసా, టీ జల్లెడ, పప్పుగుత్తి, అప్పడాల కర్ర, మిక్సీ. ఫ్రిజ్ సింగిల్ డోరు, ఐసు ట్రే ఒక్కటే.

వీటితో పని అవుతుందా? మిక్సీలో వేసి తిప్పేస్తే షేకర్ అవసరం తీరినట్టేనా? ఔన్సులు అంటున్నారు, అవెలా కొలవాలి? ఇంకోటి, మాలో ఒకడు అసలు తాగడు. ప్రతిసారీ వాడి చేతిలో ఒక కూల్‌డ్రింకు పెట్టి కూర్చోబెడుతున్నాం. ఈసారి వాడికి కూడా ఏదైనా పద్ధతిగా చేసి ఇవ్వాలని ఉంది.

కొబ్బరితోట (కవిటి):

తమ్ముడూ, నేను చాలా ఏళ్లు ప్రయాణికుల ఓడలో బార్లో పనిచేశాను. ఇప్పుడు ఊళ్లో కొబ్బరితోట చూసుకుంటున్నాను. ఆ సామాన్లన్నీ ఒకప్పుడు నా చేతిలో ఆడినవే. ఇంటికి వచ్చాక ఒక్కటి కూడా కొనలేదు.

బార్లో ఆ సామాను వేగం కోసం. ఎదురుగా జనం నిలబడి ఉంటే గ్లాసు వెనక గ్లాసు అందించాలి, అందుకు అవి కావాలి. ముగ్గురికో నలుగురికో చేసేటప్పుడు నీ వంటింట్లో ఉన్నవి సరిపోతాయి. అయితే రెండు విషయాల దగ్గర మాత్రం సర్దుకుపోవద్దు. ఒకటి కొలత, రెండోది ఐసు. ఈ రెండూ సరిగ్గా ఉంటే దేనిలో కలిపావన్నది ఎవరికీ తెలీదు. ఈ రెండూ తప్పితే వెండి షేకర్‌లో ఊపినా అది పులుపు నీళ్లే.

కొలత సంగతి చెప్తాను. వీడియోల్లో ఔన్సు అంటే మన చిన్న పెగ్గు అనుకో, 30 మి.లీ. లెక్క. రెండు ఔన్సులంటే పెద్ద పెగ్గు, 60. దగ్గు మందు సీసా మీద వచ్చే ప్లాస్టిక్ మూతకి లోపల గీతలుంటాయి, 5, 10 అని. చాలావాటికి 15 కూడా ఉంటుంది. దాన్ని వేడినీళ్లలో బాగా కడుక్కుంటే అదే నీ జిగ్గర్. ఎక్కువ పోయాల్సినప్పుడు దానితో పదిసార్లు కొలవడం విసుగు. అందుకని ఒక చిన్న గ్లాసు తీసుకుని, మూతతో 60 మి.లీ. నీళ్లు కొలిచి పోసి, నీళ్లు ఆగినచోట బయట గోళ్లరంగుతో గీత పెట్టు. గోళ్లరంగు లేకపోతే రబ్బరు బ్యాండు వెయ్యి. ఇంకో లెక్క: క్వార్టరు సీసా 180 మి.లీ., అంటే సరిగ్గా మూడు పెద్ద పెగ్గులు. నీ గ్లాసు సరిగా ఉందో లేదో ఖాళీ క్వార్టరు సీసాతో సరిచూసుకోవచ్చు.

మద్యం కొంచెం అటూ ఇటూ అయినా నాలుక ఊరుకుంటుంది. నిమ్మరసం, తీపి మాత్రం 5 మి.లీ. తేడా వచ్చినా పట్టేస్తాయి. మన నిమ్మకాయలు ఒకటి రసం ఇస్తుంది, ఒకటి ఇవ్వదు. "ఒక నిమ్మకాయ పిండండి" అని చెప్పేవాళ్లని నమ్మకు. పిండి, గింజలు తీసి, కొలిచి పోయి.

ఇక షేకర్. ఆవకాయ సీసా వద్దు. గాజుకి వాసన పోతుంది కానీ మూత లోపలి రబ్బరుకి పోదు, ఎన్నిసార్లు తోమినా సరే. మెంతి, ఆవాల వాసనతో రమ్ము తాగాల్సి వస్తుంది. మూత గట్టిగా బిగిసే స్టీలు డబ్బా ఏదైనా మంచిదే, పంచదార పోసుకునే రకం. అది లేకపోతే ఆఫీసుకి తీసుకెళ్లే వెడల్పు మూతి స్టీలు వాటర్ బాటిల్. ఫ్లాస్కు లాంటి రెండు పొరలది కూడా పనిచేస్తుంది కానీ బయటికి చల్లదనం తెలీదు కాబట్టి ఎప్పుడు ఆపాలో చెయ్యి చెప్పదు. ఒక పొర స్టీలైతే బయట మంచు పట్టినట్టు తెల్లగా అవుతుంది, పట్టుకున్న చెయ్యి జివ్వుమంటుంది. అప్పుడు ఆపాలి.

ఐసు మూడొంతుల్లో రెండొంతులు నింపాలి. ఇక్కడ అందరూ భయపడతారు, ఐసు ఎక్కువేస్తే నీళ్లయిపోతుందని. జరిగేది వేరు. నాలుగు ముక్కలేస్తే అవి వెంటనే కరిగిపోయి నీళ్లే మిగులుతాయి, చల్లబడదు. నిండా వేస్తే ఒకదాన్ని ఒకటి కాపాడుకుంటాయి, తొందరగా చల్లబడుతుంది, కరిగేది తక్కువ. అలాగని అసలు కరగకూడదని కాదు. ఊపిన కాక్‌టెయిల్‌లో చెప్పుకోదగ్గన్ని నీళ్లు ఐసు నుంచే చేరతాయి. ఆ నీళ్లు లెక్కలో భాగమే, అవి చేరకపోతే ఘాటు గొంతు దాటదు.

మూత మీద ఒక చెయ్యి, అడుగున ఒక చెయ్యి. భుజం పైకి తెచ్చి గట్టిగా, పన్నెండు పదిహేను సెకన్లు. ముద్దుగా ఆడించడం కాదు, ఐసు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లి తగలాలి. ఆపాక మూత రాదు, కంగారుపడకు. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి మూతని లోపలికి లాగేస్తుంది. మూత చుట్టూ కొళాయి నీళ్లు ఒక్క క్షణం పారించు, వస్తుంది. సోడా మాత్రం చచ్చినా డబ్బాలో పోసి ఊపకు. గ్యాసు తన్ని మూత ఎగిరిపోతుంది. సోడా ఎప్పుడూ ఆఖర్న, గ్లాసులోనే.

వడకట్టడానికి నీ టీ జల్లెడ చాలు. జల్లెడకి పాత టీపొడి ఉందేమో చూసుకో.

ఏది ఊపాలి, ఏది తిప్పాలి అంటే, నిమ్మరసం, పాలు, గుడ్డు లాంటివి ఉంటే ఊపాలి. మద్యం, కాస్త తీపి మాత్రమే ఉంటే ఐసు వేసి చెంచాతో అర నిమిషం నెమ్మదిగా తిప్పాలి. ఆ మెలికల చెంచా లేకపోయినా పొడుగు గరిటె కాడ చాలు. విస్కీ తాగేవాళ్లకి అలా చేసి, కమలాపండు తొక్క ముక్క పైన మడిచి తొక్కలోని నూనె చిందేలా నొక్కి ఇవ్వు. చాలా మారుతుంది.

నీ దగ్గర ఉన్నదానికి నేను చెప్పేది ఇదే: ఓల్డ్ మంక్ 60, నిమ్మరసం 20, బెల్లం పాకం 20. ఐసుతో ఊపి, వడకట్టి, ఐసు లేని చల్లటి గ్లాసులో పోసి ఇవ్వు. ఇది డైకిరీ అనే కాక్‌టెయిల్‌కి చుట్టమే. క్యూబాలో సాంటియాగో దగ్గర డైకిరీ అనే చోట, 1900కి కాస్త అటూ ఇటూగా, ఇనుప గనుల్లో పనిచేసిన అమెరికన్ ఇంజినీర్ల మధ్య పుట్టిందని చెప్తారు. అసలుది తెల్ల రమ్ముతో, పంచదారతో చేస్తారు. మనది నల్ల రమ్ము కాబట్టి బెల్లం దానికి జోడు. గ్లాసుల్ని ముందే ఫ్రీజర్‌లో పెట్టుకో.

బెల్లం పాకం అంటే తీగపాకం కాదు. గ్లాసు బెల్లం తురుముకి గ్లాసు నీళ్లు, కరిగేదాకా వెచ్చబెట్టి దించేసి, బట్టలో వడకట్టు. బెల్లంలో ఇసుక లేకుండా ఉండదు. పూర్తిగా చల్లారాకే వాడాలి. పంచదారని నేరుగా రమ్ములో వేస్తే చల్లదనానికి కరగదు, అడుగున కూర్చుంటుంది. ఆఖరి గుక్క తాగినవాడికి పళ్లు జివ్వుమంటాయి.

పుదీనా సంగతి. పప్పుగుత్తి తల వైపు గాట్లుంటాయి, ఆకుని చీల్చేస్తుంది. చేదు దిగుతుంది, పైగా దాన్ని వెల్లుల్లి వాసన వదలదు. అప్పడాల కర్ర చివరతో గ్లాసు అడుగున నాలుగుసార్లు ఒత్తు, అంతే. పచ్చడి చెయ్యకు. ఆకు నలిగినట్టు ఉండాలి, నలగగొట్టినట్టు కాదు. పది ఆకులు, పాకం 20, నిమ్మరసం 20, ఒత్తాక రమ్ము 60, ఐసు, పైన సోడా. దీనికి షేకర్ కూడా అక్కర్లేదు.

జిన్ను హాఫుంది కదా, మంచి బొండాం నీళ్లు తెచ్చుకో. జిన్ను 60, బొండాం నీళ్లు 120, నిమ్మరసం 10, చిటికెడు ఉప్పు, గ్లాసు నిండా ఐసు. కరీబియన్ దీవుల్లో ఇలా తాగుతారు. ఉద్దానం బొండాం వేస్తే వాళ్లకంటే మనదే బాగుంటుందని నా పక్షపాతం.

మిక్సీ వద్దు. పెద్ద ఐసు ముక్కలకి ఇంటి మిక్సీ బ్లేడు మొండిబారుతుంది. జారు కూడా చీలవచ్చు. వెయ్యాలనే ఉంటే ఐసుని గుడ్డలో చుట్టి అప్పడాల కర్రతో నలగగొట్టి వెయ్యి. అది వేరే రకం పానీయం, మంచు ముద్దలా వస్తుంది. చల్లదనానికి నాలుకకి తీపి తెలీదు కాబట్టి దానికి పాకం ఎక్కువ పట్టాలి.

వైజాగ్ వాళ్లు రాత్రి ఉండిపోతున్నారా, లేదా? హైవే మీద వంద కిలోమీటర్లు. ఉండిపొమ్మను.

అరసవల్లిరోడ్డు:

ఇంత గొడవేటి బావూ. ఓల్డ్ మంక్, థమ్సప్, నిమ్మచెక్క. గ్లాసులో పోసుకున్నామా, తాగామా. మా నాన్నల కాలం నుంచీ ఇదే.

కొబ్బరితోట (కవిటి):

అరసవల్లి బాబూ, నువ్వు చెప్పింది కూడా కాక్‌టెయిలే. రమ్ము, కోలా, నిమ్మ. దాన్ని క్యూబా లిబ్రే అని పేరుపెట్టి పెద్ద హోటళ్లలో వందలకి వందలు తీసుకుంటారు. కోలా ముందు పోసి రమ్ము తర్వాత పోస్తున్నావా, రమ్ము ముందా? నిమ్మచెక్క పిండి వేస్తున్నావా, ఊరికే అంచుకి పెడుతున్నావా? పిండితేనే లెక్క.

అరసవల్లిరోడ్డు:

పిండే వేస్తాం. అంచుకి పెట్టుకోడానికి అదేమైనా పెళ్లి భోజనమా.

ల్యాబుటేబులు (విజయనగరం):

కవిటి అన్నగారు చెప్పిన కొలత మాట నూటికి నూరుపాళ్లు నిజం. దానికి కొంచెం చేరుస్తాను. కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు నా చేతికింద ఉంటుంది. కొలత తప్పితే నాకు నిద్రపట్టదు.

దగ్గు మందు మూత బాగానే ఉంటుంది కానీ చిన్నది. చేతి వణుకుకి అంచుల నుంచి పోతుంది. మందుల షాపులో సూది లేని 20 మి.లీ. సిరంజి అడగండి, కొద్ది రూపాయల్లో వస్తుంది. నిమ్మరసానికీ పాకానికీ దానికి మించినది లేదు. ఇంట్లో వంట తూకం ఉంటే ఇంకా తేలిక, గ్లాసు దాని మీద పెట్టి సున్నా చేసి పోసుకోవచ్చు. అయితే మి.లీ. అన్నచోట గ్రాములు పెట్టేసుకోకండి. నీళ్లకి అది కుదురుతుంది, మిగతావాటికి కాదు. ఆల్కహాలు నీళ్లకంటే తేలిక, కాబట్టి 60 మి.లీ. రమ్ము 57 గ్రాముల దగ్గర తూగుతుంది. పంచదార పాకం బరువు, సమానంగా కలిపితే 30 మి.లీ. 37 గ్రాముల దాకా వస్తుంది. ఓల్డ్ మంక్ సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది చూడండి. వీడియోల్లో వాళ్లు 40 శాతం రమ్ముతో చేస్తారు. మనం ఒక్క చుక్క తగ్గించినా నష్టం లేదు.

ఐసు విషయంలో నాకు కొంత అభ్యంతరం ఉంది. ఎంత వెయ్యాలో అన్నగారు చెప్పారు, ఎక్కడి నుంచి తేవాలో చెప్పలేదు. ఒక్క ట్రే ఉన్న సింగిల్ డోరు ఫ్రిజ్‌తో శనివారం రాత్రి నలుగురికి సరిపడా రాదు. ఇవాళ్టి నుంచే మొదలుపెట్టండి. ట్రే గడ్డకట్టగానే ముక్కలు తీసి మూత ఉన్న స్టీలు డబ్బాలో వేసి ఫ్రీజర్‌లోనే పెట్టండి, ట్రే మళ్లీ నింపండి. మూత ఎందుకంటే, ఐసు పక్కనున్నవాటి వాసన పట్టేస్తుంది. మన ఇళ్లలో ఫ్రిజ్ అంటే ఎండు నెత్తళ్లో, కోసిన ఉల్లిపాయో ఉండకుండా ఉండదు. ఏప్రిల్లో కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తియ్యకండి. చేపల మార్కెట్ దగ్గర అమ్మే ఐసు దిమ్మ కొనకండి. అది చేపలకి, తాగడానికి కాదు.

అద్దంలాంటి ఐసు కావాలంటే ఒక చిట్కా. నీళ్లు కాచి పెడితే వస్తుందంటారు, పెద్దగా తేడా ఉండదు. మూత తీసేసిన చిన్న హాట్‌ప్యాక్‌లో నీళ్లు పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. చుట్టూ వేడి ఆపే గోడ కాబట్టి చలి పైనుంచే దిగుతుంది, గడ్డ పైనుంచి కిందికి కడుతూ లోపలి గాలినీ మలినాన్నీ కిందికి నెట్టుకుంటూ పోతుంది. అడుగు గడ్డకట్టకముందే తీసి, పైభాగం మాత్రం వాడుకోండి. కత్తితో విరగ్గొట్టేటప్పుడు చేతికింద గుడ్డ ఉండాలి.

డాబామీదగది (శ్రీకాకుళం):

అన్నా, మేడమ్, ఇద్దరికీ చాలా థాంక్స్. ఐసు డబ్బా మొదలుపెట్టేశాను. సిరంజి కూడా తెచ్చాను. షాపాయన ఎవరికి జ్వరం అని అడిగాడు.

ఇంకో రెండు డౌట్లు. వైజాగ్ వాడొకడికి సీతంపేట వైపు చుట్టాలున్నారు. ఇప్పసారా తెస్తానంటున్నాడు, దానితో కాక్‌టెయిల్ చేస్తే కొత్తగా ఉంటుందని. రెండోది తాటికల్లు. ఇప్పుడు దొరికే కాలమే కదా, పొద్దున్న తెచ్చి రాత్రికి వాడొచ్చా?

కొబ్బరితోట (కవిటి):

సారా వద్దు. తమాషాకి కూడా వద్దు. మన రాష్ట్రంలో సారా మీద నిషేధం 1993 నుంచి ఉంది, ఆ సంగతి అలా ఉంచు. ఇందాకటి నుంచీ కొలత కొలత అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తున్నాను. ఎంత బలం ఉందో తెలియనిదాన్ని 60 మి.లీ. కొలిచి ఏం లాభం? ఒక కాపు ఒకలా ఉంటుంది, మరో కాపు ఇంకోలా ఉంటుంది. కిక్కు కోసం మధ్యలో ఎవడు ఏం కలిపాడో తెచ్చినవాడికీ తెలీదు. నిమ్మరసం, బెల్లం వేస్తే ఆ తేడా నాలుకకి అందకుండా పోతుంది, అది ఇంకా ప్రమాదం. మీ వాడికి చెప్పు, చుట్టాల దగ్గర్నుంచి తేనె తెమ్మను. వేడి తగలని నీళ్లలో సగానికి సగం కలిపితే అదే పాకం, జిన్నుకి బాగుంటుంది.

కల్లు పొద్దున్న తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులుస్తుంది. పులిసే కొద్దీ గ్యాసు పుడుతూనే ఉంటుంది. సీసాలో పోసి మూత బిగించావంటే పేలుతుంది. దించిన చోటే, దించిన పూటే తాగేది అది. దాన్ని నిమ్మకాయతో దిద్దడం అవసరం లేదు.

ల్యాబుటేబులు (విజయనగరం):

సారా గురించి అన్నగారు చెప్పినదానికి నా వైపు నుంచి ఒక్క మాట. కల్తీ సారాలో ఉండే మిథనాల్‌ని చూసి గానీ, వాసన చూసి గానీ, రుచి చూసి గానీ పట్టుకోలేం. అంటిస్తే నీలంగా మండితే మంచిదని కొందరు చెప్తారు, అది పరీక్షే కాదు, మిథనాల్ కూడా అలాగే మండుతుంది. ఒంట్లోకి వెళ్లాక ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. కొద్ది మోతాదుకే చూపు పోతుంది, ప్రాణం కూడా పోతుంది. తాగిన వెంటనే తెలీదు, గంటల తర్వాత తెలుస్తుంది.

జీడితోటమ్మ (పలాస దగ్గర):

నేను తాగను, మా ఇంట్లో ఎవరూ తాగరు. ఆ తాగని అబ్బాయి కోసం రాస్తున్నాను. ఇంతమంది ఇంత రాశారు, ఆ పిల్లాడి గురించి ఎవరూ పట్టించుకోలేదు.

బాబూ, ఇప్పుడు జీడిపళ్ల కాలం. పలాస అంటే అందరికీ పప్పే గుర్తొస్తుంది. మా తోటల్లో గింజ తీసుకుని పండుని చాలావరకు చెట్టుకిందే వదిలేస్తాం. తెంపిన పండు ఒక్కరోజు కూడా నిలవదు, అందుకే బజారుకి రాదు. మీ వైపు ఎవరైనా తోట ఉన్నవాళ్లుంటే శనివారం పొద్దున్న ఎర్రవో, పసుపువో పది పళ్లు తెప్పించుకోండి. ముందు గింజ మెలితిప్పి తీసెయ్యాలి. గింజ పెంకులోని జీడి చర్మానికి తగిలితే కాలుతుంది, దాన్ని కొయ్యకూడదు, పిండకూడదు. పళ్లు కడిగి, ముక్కలు చేసి, బట్టలో పిండితే రసం వస్తుంది. ఆ రసం అలాగే తాగితే గొంతు పట్టేస్తుంది, నాలుక మీద వగరు తెరలా ఉండిపోతుంది. ఆ వగరు పోవాలంటే చల్లారిన గంజి కొంచెం, లేకపోతే ఉడికించిన సగ్గుబియ్యం జావ కొంచెం రసంలో కలిపి కదపకుండా ఉంచండి. వగరంతా గంజితో కలిసి విరిగి అడుక్కి దిగుతుంది. పైతేట మాత్రం వంచుకోండి.

ఆ తేటకి నిమ్మరసం, బెల్లం పాకం, ఉప్పు, దంచిన మిరియం వేసి, మీ డబ్బాలోనే ఐసుతో ఊపి, గ్లాసులో పోశాక పైన సోడా. జీడిపండులో విటమిన్ సి కమలాపండు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పళ్లు దొరక్కపోతే పచ్చిమామిడి ఉడికించిన గుజ్జుతో ఇదే చెయ్యండి. ఒక్క విన్నపం. ఆ అబ్బాయికి వేరే రకం గ్లాసులో ఇవ్వకండి. అందరికీ ఇచ్చిన గ్లాసులోనే ఇవ్వండి.

కొబ్బరితోట (కవిటి):

అమ్మా, మీరు చెప్పింది బంగారం. ఓడలో నాతోపాటు గోవా వాళ్లు ఉండేవారు. అక్కడ ఇదే పండు రసాన్ని పులియబెట్టి, కాచి ఫెనీ అనే మద్యం తీస్తారు, 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా దగ్గర పండుని పారేస్తాం అంటే వాళ్లు నమ్మేవాళ్లు కారు. తమ్ముడూ, అమ్మ చెప్పిన తేట ఎక్కువగా వస్తే అందులో నిమ్మరసం వేసి జిన్నుకి కూడా వాడు. బొండాం నీళ్ల కంటే ముందు అదే అయిపోతుంది.

డాబామీదగది (శ్రీకాకుళం):

ఆదివారం మధ్యాహ్నం రాస్తున్నాను. అందరూ లేచారు, వైజాగ్ వాళ్లు టిఫిన్ చేసి ఇప్పుడే బయల్దేరారు.

రమ్ము, నిమ్మ, బెల్లం మొదట చేశాను. బెంగళూరు వాడు ఒక గుక్క తాగి, షేకర్ ఎక్కడ దాచావురా అని వంటింట్లో వెతికాడు. పంచదార డబ్బా చూపిస్తే నమ్మలేదు, వాడి ముందే ఇంకోటి చేయించుకున్నాడు. మూత నిజంగానే రాలేదు, కొళాయి కింద పెడితే టక్కున వచ్చింది. డబ్బాలో ఐసు మోతకి కింది నుంచి ఓనర్ పిన్నిగారు "ఏటి బాబూ ఈ రేత్రప్పుడు దంచుతున్నారు?" అని కేకేశారు. సారా రాలేదు, తేనె వచ్చింది.

జీడిపళ్లు ఆమదాలవలస వైపు తెలిసినవాళ్ల తోటలో దొరికాయి. గంజి వేసి ఉంచితే చెప్పినట్టే విరిగింది. అమ్మా, మీ గ్లాసు మిగతావాళ్లు కూడా అడిగి తాగారు, తాగని వాడికి రెండో గ్లాసుకి మిగల్లేదు. వాడు అలిగితే పచ్చిమామిడితో చేసి ఇచ్చాను. పుదీనాది మాత్రం నాకంతగా ఎక్కలేదు, మంచి ఆకు దొరకలేదు, ఎండకి వాడిపోయినదే వచ్చింది.

బెల్లం పాకం అర సీసా, పిండిన నిమ్మరసం కొంచెం మిగిలాయి. ఎన్నాళ్లు ఉంచొచ్చు?

కొబ్బరితోట (కవిటి):

నిమ్మరసం ఇవాళే మజ్జిగలో వేసుకుని తాగేసెయ్, రేపటికి చేదెక్కుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా సరే.

ల్యాబుటేబులు (విజయనగరం):

బెల్లం పాకం కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాల దాకా ఉంటుంది. పైన తెట్టు కట్టినా, నురగ వచ్చినా పారబోయండి. ఎక్కువ రోజులు నిలవుండాలంటే ఈసారి నీళ్లు ఒక గ్లాసైతే బెల్లం రెండు గ్లాసులు వెయ్యండి. అప్పుడు పానీయంలో 20 బదులు 12, 13 మి.లీ. చాలు. సిరంజి ఉంది కదా.